కీబోర్డు ముట్టుకోని దానం మాస్టారు

లీలావతి గారూ, చర్చి పెద్దలారా, మాస్టారి శిష్యులారా, కోనసీమ లైనక్స్ గ్రూపు మిత్రులారా!

ఇంతమంది వచ్చారు. రావులపాలెం నుంచి, రాజోలు నుంచి, మామిడికుదురు నుంచి వచ్చారు. ఈ హాలు నిండిపోయి వరండాలో కూడా నిలబడ్డారు. ఇలాంటి చోట మెత్తగా మాట్లాడాలంటారు. అది నా చేత కావడం లేదు. నాకు కోపంగా ఉంది. మాస్టారి మీద కోపం, మన మీద కోపం, చెప్పాపెట్టకుండా ఆగిపోయిన ఆ గుండె మీద కోపం.

నా పేరు వెంకటదుర్గ. కొత్తపేటలో డీటీపీ సెంటర్ నడుపుతాను. మాస్టారు అమలాపురంలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. లైనక్స్ అంటే తెలియని బంధువుల కోసం ఒక్క మాట. అది కూడా విండోస్ లాగా కంప్యూటర్‌ని నడిపించేదే. ఉచితంగా దొరుకుతుంది, పాత మెషీన్ల మీద కూడా నడుస్తుంది. కానీ ఎక్కడైనా ఆగిందా, ఫోన్ చేసి తిట్టడానికి కంపెనీ ఉండదు. అందుకే మాకు వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. గ్రూపని పేరే గానీ, జవాబు చెప్పేది మాస్టారొక్కరే.

ఆయనతో వేగడం సులువా? కానే కాదు! ప్రింటర్ కదలడం లేదు మాస్టారూ అంటే, కదిలించి పెట్టరు. చేతులు వెనక్కి కట్టుకుని మన పక్కన నిలబడతారు. "తెర మీద ఏం రాసిందో చదవండమ్మా" అంటారు. ఇంగ్లీషులో ఏదో రాసిందండీ అంటే, "ఆయ్, ఆ ఏదో ఏంటో చదవండి" అంటారు. ఎంత బతిమాలినా ఎదుటివాళ్ల కీబోర్డు ముట్టుకోరు. ఎన్నిసార్లు పళ్లు కొరుక్కున్నామో మనకు తెలియదా?

డిగ్రీ ప్రవేశాల దరఖాస్తులకు ఆఖరి రోజు అది. పొద్దున్నే అప్‌డేట్ చేశాను, వైఫై పోయింది. బయట పిల్లలు, వాళ్ల వెనక తల్లిదండ్రులు, నా షాపు మెట్ల నిండా జనం. మాస్టారికి ఫోన్ చేశాను. ఏం రాసిందో చదవమన్నారు. నేను ఏడుపు గొంతుతో అరిచేశాను. ఆయన, "సరేనండీ, పాఠం తరవాత. ముందు పిల్లల పని అవ్వాలి. మీ ఫోన్ని చార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కి తగిలించి, ఫోన్లో నెట్ షేరింగ్ ఆన్ చెయ్యండి" అన్నారు. నెట్ వచ్చింది. దరఖాస్తులన్నీ వెళ్లిపోయాయి.

జనం వెళ్లాక చూస్తే మాస్టారు స్కూటర్ ఆపి మెట్లెక్కుతున్నారు, పాఠం చెప్పడానికి! మెషీన్ మళ్లీ ఆన్ చేయించి, మొదట్లో వచ్చే జాబితాలో అప్‌డేట్‌కి ముందున్న పాత కెర్నెల్‌ని, అంటే లైనక్స్‌ని నడిపే అసలు ఇంజన్‌ని, నా చేతే ఎంపిక చేయించారు. వైఫై లేచి కూర్చుంది. "కొత్తది మొరాయిస్తే పాతది అక్కడే ఉంటుందండీ. వెనక్కెళ్లడం తప్పేం కాదు" అన్నారు. ఇప్పుడు ఆ పని నాకొచ్చు. ఆ రోజు ఆయనే చేసిపెట్టి ఉంటే వచ్చేదా?

మిత్రులారా, ఆ పద్ధతి ఆయన ఒక్కసారి తప్పారు.

మామిడికుదురు దగ్గర నగరం అనే ఊళ్లో ఉండే భవానీదేవి గారు కుట్టుపని చేస్తారు. భర్త కువైట్‌లో పనిచేస్తూ అక్కడే పోయారు. ఆయన పంపిన ఫొటోలు, గొంతు రికార్డులు అన్నీ ఒక పాత లాప్‌టాప్‌లో ఉన్నాయి. డిస్కు నిండిపోయింది, ఎలా ఖాళీ చెయ్యాలండీ అని గ్రూపులో అడిగారు. మనవాడొకడు ఒక కమాండ్ పెట్టి, ఇది కొట్టండి, మొత్తం ఖాళీ అవుతుంది అని రాసి, పక్కన నవ్వే బొమ్మ పెట్టాడు. ఆవిడకి ఆ నవ్వు అర్థం కాలేదు. నమ్మి కొట్టారు. అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

మాస్టారు వెంటనే ఫోన్ చేసి, "ఆ మెషీన్ ఆపేయండమ్మా. ఇంకేం సేవ్ చెయ్యకండి. వచ్చేస్తన్నాను" అన్నారు. ఖాళీ డిస్కు ఒకటి సంచీలో వేసుకున్నారు. దారిలో ఆ అబ్బాయి ఇంటి ముందు స్కూటర్ ఆపి, "ఎక్కు" అన్నారు. అంతే. అతను ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పను. మాస్టారు ఏనాడూ చెప్పలేదు.

నగరంలో ఆయన కీబోర్డు తనే ముందుకు లాక్కున్నారు. పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాం నడిపారు. ఫైళ్లు వచ్చాయి గానీ పేర్లు లేకుండా, తేదీలు లేకుండా, కలగాపులగంగా వచ్చాయి. అప్పుడు ఆ అబ్బాయిని భవానీదేవి గారి పక్కన కూర్చోబెట్టారు. "ఒక్కోటీ తెరువు. ఏంటో అమ్మగారిని అడిగి పేరు పెట్టు" అన్నారు. వారాల తరబడి అతను వెళ్లాడు. ఒక్కో ఫొటో తెరిచినప్పుడల్లా ఆవిడ, ఇది మా ఆయన కొత్త చొక్కా అండీ, ఇది మా ఆయన రూము అండీ అని చెబుతుంటే విన్నాడు. సముద్రం ఒడ్డున భర్త నిలబడ్డ ఫొటో సగమే వచ్చింది. నడుం కింద అంతా బూడిదరంగు. గొంతు రికార్డులు చాలా వరకు రాలేదు. మాస్టారు ఆవిడకి చేతులు జోడించి, "ఇంతకంటే రావమ్మా" అన్నారు. ఆయన ఓడిపోయారని నేను విన్నది అదొక్కసారే.

ఇప్పుడు మన సంగతి. మాస్టారు పోయిన కబురు తెలియగానే గ్రూపు నిండా దండం బొమ్మలు, పూలదండలు, కొవ్వొత్తులు. ఆ మధ్యలో బండారులంక నుంచి ఒకావిడ, చీరల డిజైన్లున్న మెషీన్ ఆన్ కావడం లేదు, ఎవరైనా చెప్పండి అని అడిగారు. ఎవరైనా చెప్పారా? ఆ ప్రశ్న మీద మరో పది దండలు పడ్డాయి. ఇన్నేళ్లు ఆయన మన చేత చదివించిందీ, టైపు చేయించిందీ ఇందుకేనా? చివరికి సాయంత్రం జవాబు పెట్టింది భవానీదేవి గారు. ముందు తెర మీద ఏం రాసిందో ఫొటో తీసి పెట్టండి అని అడిగి, ఒక్కో మెట్టూ చెప్పి, ఆ మెషీన్ లేపారు.

ఇంకొక్క మాట చెప్పి ఆపేస్తాను. ఈ ఉదయం రాజోలు నుంచి అమ్మిరాజు గారు మాస్టారింటికి వచ్చారు, సంచీలో లాప్‌టాప్‌తో. కబురు ఆయనకి తెలియదు. లీలావతి గారే గుమ్మంలో నిలబడి, తన భర్త పోయారని చెప్పవలసి వచ్చింది. "అయ్యో, నేను తరవాత వస్తానండి" అన్నారట పాపం. తరవాత ఎవరి దగ్గరికి వస్తారు? లీలావతి గారు ఆయన్ని వెళ్లనివ్వకుండా ఇక్కడికి తీసుకొచ్చారు. అదిగో, ఆఖరి వరసలో, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

అమ్మిరాజు గారూ, మౌనం అయ్యాక మీరు వెళ్లిపోకండి. మిత్రులారా, మీరూ వెళ్లిపోకండి. ఆ సంచీ చుట్టూ కూర్చుందాం. తెలిసినవాళ్లు చెప్పండి. ఎవరికీ తెలియకపోతే తెలిసేదాకా వెతుకుదాం.

ఇప్పుడు మన దానం మాస్టారి కోసం, దయచేసి అందరం లేచి మౌనంగా నిలబడదాం.