తడవని సన్యాసిరావు

"ఆ కోటు అలగే నీ ఒళ్లో ఉంచు జానకిరామ్ అల్లుడూ, ముందు నా కష్టం విను. విన్నాక ఎవరికివ్వాలో నువ్వే చెప్పుదువు గాని."

రాంప్రసాద్ టీకొట్టు రేకు మీద వాన టపటపలాడుతోంది. బిలాస్‌పూర్‌లో డిసెంబరు నెలలో వాన పడిందంటే చలి ఎముకలు కొరికేస్తుంది. ఊరు మారి వెళ్లిపోయిన బ్యాంకు మేనేజరు ఒకాయన, లోపల ఉన్ని ఉన్న మందపాటి రెయిన్‌కోటు తెలుగు సంఘం సెక్రటరీ జానకిరామ్ చేతిలో పెట్టి, సైకిలు మీద డ్యూటీకి పోయేవాళ్లెవరికైనా ఇమ్మన్నాడు. అలాంటివాళ్లు ఇద్దరే తేలారు. తెల్లారకుండానే దయాల్‌బంద్ నుంచి తిఫ్రాలో ఫ్యాక్టరీకి తొక్కుకుపోయే జ్యోతిర్మయి ఒకరు. అదే దారిలో గోడౌను కాపలాకి పోయే రిటైర్డు రైల్వే షెడ్డు ఖలాసీ సన్యాసిరావు ఇంకొకరు. జ్యోతిర్మయి తన కష్టం రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంది. సన్యాసిరావు బుద్ధెరిగాక ఏదీ రెండు ముక్కల్లో చెప్పలేదు.

"కిందటేడు ఇలాంటి వానే. మా బామ్మర్దికి ఒంట్లో బాగులేదంటే సీపత్ బయల్దేరాను, సైకిలు మీద. కోటు లేదు, స్వెట్టరు చూస్తే చినిగిపోనాది. ఆ చలికి చెవులు ఉన్నాయో రాలిపోనాయో తెలీలేదు, సచ్ చెప్తన్నాను."

జానకిరామ్ అయ్యో అన్నాడు. టీ వడకడుతున్న రాంప్రసాద్ 'బేచారా' అన్నాడు. ఆ ఒక్క మాటే కొంప ముంచింది. సన్యాసిరావు ఏదైనా ఓర్చుకుంటాడు గాని, ఎవరైనా జాలిపడితే మాత్రం ఓర్చుకోలేడు.

"బేచారా ఏటిరా? నేనేటి ఒణికిపోయేవోణ్ణా? షెడ్డులో చేసినోణ్ణి, ఉపాయం లేకుండా ఉంటానా? సాక్సుల మీద పాలిథిన్ కవర్లు కట్టీసాను, ఇంక నీరు పోదు. చొక్కా కింద పేపరు పెట్టాను, గాలి దూరదు. హిందీ పేపరు కాదు అల్లుడూ, మన తెలుగు పేపరు, వైజాగ్ నుంచి రైల్లో మర్నాడొచ్చేది. అందులోనూ మే నెల పేపరు, దాచి ఉంచాను. వడగాడ్పులని పెద్ద అక్షరాల్తో ఉన్నాది చూడు, ఆ పేజీ సరిగ్గా గుండె మీద పెట్టాను."

"పేజీలో వేడి ఉంటాదేటి తాతా?" అంది జ్యోతిర్మయి.

"ఉండదా మరి? ఊరు దాటకముందే చెమట పట్టీసింది. ఆ తర్వాత ఏటైనాదో తెలుసునా? నా మీద పడ్డ చినుకు పడ్డట్టే చుయ్యిమని ఆవిరైపోతన్నాది. వెనక్కి తిరిగి చూద్దును కదా, నేనొచ్చిన మేర రోడ్డంతా ఆరిపోయి తెల్లగా ఉన్నాది. ఆ పొడి దారంట బడిపిల్లలు, ఆళ్ల వెనకాల మేకలు, మేకల వెనకాల ఒక బరాతు, బ్యాండు మేళం, గుర్రం మీద పెళ్లికొడుకుతో సహా నా వెంటే వచ్చీస్తన్నారు. ఒక్కడికి తడి లేదు. ఒకావిడ పరిగెట్టుకొచ్చి, భయ్యా, వానకి నా బరీలు పాడైపోతన్నాయి అని ఏడుపు. బరీలంటే మన వడియాలేలే. చేట కేరియరు మీద పెట్టమన్నాను. మలుపు తిరిగేసరికి ఎండిపోనాయి."

"అచ్ఛా, వేగలేదా మరి?" అన్నాడు రాంప్రసాద్, నవ్వాపుకుంటూ.

"వేగీసాయిరా. చేట తిరిగిచ్చినప్పుడు కరకరలాడినాయి. చెప్పుకోడం ఎందుకని ఊరుకున్నాను గాని. సరే, రైలు గేటు దగ్గిరకొచ్చాను. పొగమంచులో గూడ్సు ఆగిపోయి ఉన్నాది, సిగ్నలు కనపడ్డం లేదంట. నేను సైకిలు స్టాండేసి పక్కన నిలబడ్డాను, అంతే, మంచు అట్నుంచి అటే లేచిపోనాది. డ్రైవరు దిగొచ్చి, దాదా, రాయ్‌పూర్ దాకా ఇంజను ముందు కూచోండని ఒకటే బతిమాలడం. మా బామ్మర్దికి ఒంట్లో బాగులేదయ్యా, కుదరదన్నాను."

"బామ్మర్ది గుర్తున్నాడే," అన్నాడు జానకిరామ్.

"మరిచిపోతానేటి? సీపత్‌లో కరెంటు ప్లాంటు దగ్గిరకి చేరేసరికి బొగ్గు కుప్పలన్నీ వానకి ముద్దైపోయి ఉన్నాయి. నేను దగ్గిరకి రాగానే ఇంజనీర్లందరూ గొడుగులు మూసీసి, స్వెట్టర్లు విప్పీసి, సార్, కుప్ప చుట్టూ ఒక్కసారి తొక్కండి అన్నారు. తొక్కాను. బొగ్గు ఆరడం కాదు అల్లుడూ, రాజుకున్నాది. ఇంక బాయిలరు దాకా మొయ్యక్కర్లేకపోనాది. ఆ సాయంత్రం మీ దయాల్‌బంద్‌లో లైట్లు ఎవరి వేడికి వెలిగాయనుకుంటన్నారు? ఇంటికొస్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపీసింది. నువ్విలగ లోపలికొస్తే ఇంటి గోడలు పగుల్తాయి, వీధిలో చల్లారి రా అన్నాది. చొక్కా విప్పీసి, నాలుగు బిందెలు చన్నీళ్లు పోసుకుంటే గాని లోపలికి రానివ్వలేదు."

సన్యాసిరావు ముఖం వెలిగిపోతోంది. ఎప్పుడు లేచాడో లేచి నిలబడి చేతులు తిప్పుతూ చెప్తున్నాడు. కోటు సంగతి పూర్తిగా మరిచిపోయాడు.

జ్యోతిర్మయి మరిచిపోలేదు.

"అయితే తాతా, నీకు కోటు ఎందుకు?" అంది నెమ్మదిగా. "అది తొడుక్కుంటే ఉడికిపోవూ?"

కొట్లో అందరూ ఘొల్లున నవ్వారు. జానకిరామ్‌కి మనసులో చివుక్కుమంది. కిందటి చలికాలమంతా ఈ ముసలాయన దగ్గుతూనే డ్యూటీకి పోవడం అతను కళ్లారా చూశాడు.

"మావా, ఇదంతా కోతలని ఒక్కమాట అను చాలు, కోటు నీదే. ఏమ్మా?" అన్నాడు.

జ్యోతిర్మయి సరేనని తలూపింది. ఇవ్వాలని ఆ పిల్లకి లేదు, ఇవ్వకుండా ఉండాలనీ లేదు.

సన్యాసిరావు కోటు లోపలి ఉన్ని వంక చూశాడు. వానలో తడుస్తున్న తన సైకిలు వంక చూశాడు. ఆ తర్వాత టీలు తాగడం మానేసి తన నోటివంకే చూస్తున్న జనాన్ని చూశాడు. చొక్కా పై గుండీ విప్పుకున్నాడు.

"ఆ పిల్లకే ఇచ్చీ అల్లుడూ. నాకిప్పుడే ఉక్కపోస్తన్నాది," అని టీ గ్లాసు అందుకున్నాడు.

జ్యోతిర్మయి కోటు తొడుక్కుంది. మెడ దాకా గుండీలు పెట్టుకుని అతని చేతివంక చూసింది.

"ఉక్కపోతకి చెయ్యి అలగ ఒణుకుతాదేటి తాతా? టీ అంతా ప్యాంటు మీదే పోసుకుంటన్నావు."