పియర్ పూతకు గోధుమబీరు

“ధనియాలు తగ్గించు.”

“తగ్గిస్తే అది మన బీరు కాదన్నయ్యా.”

“చావుకొచ్చినవాళ్లు రుచి గురించి తగువు పెట్టుకోరు. తగ్గించమంటున్నాను.”

టీనెన్ పట్టణానికి ఇవతలి పల్లెలో, ఓడిల్ ఇంటి వెనక బట్టలుతికే గదిలో, అన్నదమ్ములిద్దరూ రాగి డేగిసాకు చెరోవైపు కూర్చున్నారు. చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన ఓడిల్‌కు గొంతు క్యాన్సర్ తిరగబెట్టింది. ఏప్రిల్ చివర, పియర్ తోటలు పూసే వారంలో, డాక్టరు ఇంటికి వచ్చి ఇచ్చే సూదిమందుతో కన్నుమూయాలని అతడు కోరుకున్నాడు. ఇద్దరు డాక్టర్లు సమ్మతించారు. చట్టానికి అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా తమ్ముడు గొమ్మార్‌ది. తన అంత్యక్రియల భోజనంలో కాఫీకి బదులు తాము నలభై ఏళ్లుగా కాస్తున్న గోధుమబీరు పోయాలని అన్న కోరిక. బీరు తయారు కాకపోతే ఆ రోజు కూడా రాదన్నట్టు, రొట్టెల దుకాణం మూసి ఇంటిపట్టున ఉంటున్న గొమ్మార్ పలకా సుద్దముక్కా పట్టుకుని కూర్చున్నాడే గాని ఒక్క అక్షరమూ రాయలేదు.

“సగం గోధుమలు, సగం బార్లీ. రాశావా?”

“రాస్తున్నాను.”

“సుద్ద చప్పుడు వినబడలేదే.”

“గోధుమలు ఎవరి దగ్గర కొనాలో తేలకుండా ఏం రాయమంటావు? వైనాండ్ చేలో పోయినేడు కోతల్లో తడిశాయి.”

“గోధుమ గోధుమే. బార్లీ మాత్రం మొలకెత్తించి ఆరబెట్టింది. గోధుమలు పచ్చివి, బరకగా నూక పట్టించు. పిండి చేసి తెచ్చావంటే వడకట్టేటప్పుడు బంక కడుతుంది. రొట్టెలవాడివి, నీ చెయ్యి పిండి వైపే పోతుంది.”

“నలభై ఏళ్లుగా ఇదే మాట.”

“నలభై ఏళ్లుగా అదే చెయ్యి.”

“ఓట్స్?”

“గుప్పెడు. నీ గుప్పెడు కాదు, నా గుప్పెడు.”

“నీదిప్పుడు పిచ్చుక గుప్పెడైంది.”

“అయితే రెండు పిచ్చుక గుప్పెళ్లు అని రాయి.”

“అన్నయ్యా, నాకో ఆలోచన వచ్చింది.”

“వస్తుందనుకుంటూనే ఉన్నాను.”

“గోధుమబీరు ఎందుకసలు? తాజాగా ఉన్నప్పుడే తాగెయ్యాలి, నిలవుంటే చప్పబడిపోతుంది. నల్లబీరు కాద్దాం. నాన్న కాచేవాడే, చిక్కగా, బెల్లం పాకంలా ఉండేది. అదైతే మర్యాదగా ఉంటుంది.”

“నల్లబీరు సీసాలో ఏడాది పడుకోవాలి.”

“పడుకోనీ.”

“ఏడాది, గొమ్మార్.”

“దానికేం తొందర?”

“గొమ్మార్.”

“ఊరికే అన్నాను.”

“నువ్వేదీ ఊరికే అనవు. అప్పు పెట్టినవాళ్లని బాకీ అడగడానికి కూడా ముందు వాన గురించి ఎత్తుకునేవాడివి. పోనీలే. నువ్వు మచ్చుకి కాచిన బీరేమైంది?”

“అదా.”

“అదే.”

“పుల్లబడింది.”

“ఎన్ని సీసాలు?”

“అన్నీ. మళ్లీ మొదటినుంచీ చూసుకోవాలి. నారింజ తొక్కలో దోషముందో, డేగిసాలో ఉందో. ఇంకోసారి మచ్చుకి కాయాలి, అది పులవాలి, సీసాల్లో కూర్చోవాలి, అప్పుడు గాని అసలుది మొదలెట్టలేం. ఏప్రిల్‌కి అందదన్నయ్యా. సెప్టెంబరులో తిరునాళ్లకైతే నిదానంగా…”

“ఓ సీసా తెచ్చావా?”

“నీకు రుచి తెలీదుగా.”

“తెలీదు. తెచ్చావా?”

గొమ్మార్ తెచ్చాడు. తాను పట్టుబట్టి ఒప్పించగా చలికాలమంతా ఎక్కించిన మందు, జబ్బును తగ్గించకపోగా, అన్న నాలుక మీది రుచినీ ముక్కులోని వాసననూ తుడిచిపెట్టిందని అతనికి తెలుసు. ఆ ధైర్యంతోనే తెచ్చాడు. ఓడిల్ సీసాను కిటికీ వెలుగులోకి ఎత్తి, అటూ ఇటూ వంచి, ఒకప్పుడు ప్రయోగశాలలో గాజు గొట్టాలను చూసినంత ఓపికగా చూశాడు.

“పుల్లబడిందన్నావు.”

“నిమ్మకాయ పిండినట్టుంది.”

“పుల్లబడ్డ సీసాకి మెడలోపల తెల్లగా వలయం కడుతుంది. ఇది చూడు, అద్దంలా ఉంది.”

“కొన్నిటికి కట్టదు.”

“కొన్నిటికి కట్టదు, నిజమే. మూత తియ్యి.”

“ఎందుకూ, నేలంతా పాడు.”

“పాడైతే నేనే తుడుస్తాను. తియ్యి… పైకి ఎగజిమ్మలేదే? గ్లాసులో పొయ్యి. కాస్త మిగుల్చు. ఇప్పుడు సీసా తిప్పు, అడుగునున్న మడ్డి లేవనీ, అదీ పొయ్యి. ఇదేం నురగ గొమ్మార్? దీని మీద పావలా బిళ్ల నిలబెట్టొచ్చు. ఇప్పుడు తాగు.”

“నాకొద్దు.”

“తాగు. నాలుక నీది, నేను నీ మొహం చూస్తాను.”

“పొద్దున్నే బీరేంటన్నయ్యా.”

“ఒక్క గుక్క.”

గొమ్మార్ ఒక గుక్క తాగి గ్లాసు దింపాడు.

“తమ్ముడూ, ఎలా ఉంది?”

“బాగుంది.”

“ఎంత బాగుంది?”

“మనం కాచినవాటన్నిటిలోకీ ఇదే బాగుంది. నారింజ ముందు తగిలి, ధనియాలు ఎక్కడో వెనక నుంచి… సరిగ్గా ఉంది.”

“అయితే ధనియాలు తగ్గించకు.”

“అబద్ధం ఎందుకాడావని అడగవా?”

“నాకు పోయింది నాలుకే. బుర్ర ఇంకా ఉంది.”

“తిరునాళ్లదాకా ఆగన్నయ్యా.”

“ఆగితే?”

“ఆగితే వేసవి చూస్తావు. నా పెరట్లో నీ కుర్చీ వేస్తాను. మాట్లాడక్కర్లేదు, ఊరికే కూర్చో. నేను జన్మలో నిన్నేదీ అడగలేదు. ఒక్కటి అడుగుతున్నాను.”

“ఎప్పుడూ ఏదీ అడగలేదా?”

“ఎప్పుడు అడిగాను? చిన్నప్పుడు సైకిలు కూడా నేను అడగలేదు, నువ్వే ఇచ్చావు.”

“సరే. అడగలేదనుకుందాం.”

“మరి?”

“సెప్టెంబరుకి నేను మింగలేను. ఇవాళే నీళ్లు తాగాలంటే ముందు గోడ పట్టుకోవాలి. నొప్పికి మందు పెంచుతూ పోతారు. ఆ కుర్చీలో నువ్వు కూర్చోబెట్టేది నన్ను కాదు. నిన్ను చూసి తమ్ముడూ అనగలిగినప్పుడే వెళ్తాను. అది బేరం కాదు గొమ్మార్, నాకు మిగిలింది అదొక్కటే.”

“దేవుడు ఇచ్చిందాన్ని మనం…”

“ఆయన్ని తీసుకురాకు. మా ఇద్దరికీ ఎప్పుడూ పరిచయం లేదు. నీకుంది, నాకు సంతోషమే.”

“చర్చి వద్దంటావు, గంట వద్దంటావు. ఊరి హాల్లో రొట్టెలు, జున్ను, పందిమాంసం, బీరు. అందరూ వస్తారు. నేనెక్కడ కూర్చోవాలి?”

“కూర్చోవు. సీసాల దగ్గర నిలబడతావు. వచ్చిన ప్రతివాడికీ నువ్వే పోస్తావు. మడ్డి తిప్పి పొయ్యాలి, నురగ చూసుకోవాలి, గ్లాసులు కడగాలి. ఊపిరి సలపదు.”

“అందుకా ఈ బీరు?”

“ఇంకెందుకనుకున్నావు? నేనెలాగూ తాగను. చేతులకి పనుంటే మనిషి ఆ ఒక్క పూట నిలబడగలడు. రెండో పూట సంగతి నాకు తెలీదు.”

గొమ్మార్ పలకను మోకాళ్ల మీద సర్దుకున్నాడు. ఈసారి సుద్ద చప్పుడు వినబడింది. హాప్ పూలు చేదు తగిలీ తగలనట్టు వెయ్యాలన్నాడు ఓడిల్; నారింజ తొక్కా, దంచిన ధనియాలూ మరుగు ఆగబోయే ముందు మాత్రమే వెయ్యాలన్నాడు. తెలిసిన సంగతులే అయినా గొమ్మార్ ప్రతిదానికీ తల ఊపి, మొదటిసారి విన్నవాడిలా రాసుకున్నాడు.

“ఈస్ట్ ఎంత?”

“నువ్వు అనుకున్నదాంట్లో సగం. నీకు పొంగడం ఒక్కటే తెలుసు.”

“సగమే రాశాను.”

“అయితే అందులో సగం.”

“ఇంకేమన్నా ఉందా?”

“వచ్చే ఏడు ఇదే వేళకి నాకు చర్చిలో సంవత్సరీకం పూజ చేయిస్తావు. నేను వద్దన్నా చేయిస్తావు.”

“చేయిస్తాను.”

“చేయించు. వినడానికి నేనుండను గనక నాకేం ఇబ్బంది లేదు. పూజయ్యాక ఇంటికొచ్చినవాళ్లకి ఏం పోస్తావు?”

“కాఫీ.”

“నల్లబీరు పొయ్యి.”

“నల్లబీరా? ఇందాక నేనంటే వెక్కిరించావు.”

“ఏప్రిల్‌కి పనికిరాదన్నాను. సంవత్సరీకానికి సరిపోతుంది.”

“అయితే అదీ ఈ నెల్లోనే కాయాలి. ఏడాది పడుకోవాలిగా. డేగిసా ఒక్కటే ఉంది, ముందు గోధుమది దింపి…”

“కాయక్కర్లేదు. నీ ఇంటి నేలమాళిగలో, బంగాళాదుంపల గోతాల వెనక, రెండు పెట్టెలున్నాయి.”

“నా మాళిగలోనా? ఎవరు పెట్టారు?”

“నేనే. ఇక్కడే కాచి, సీసాలకి పట్టి, తోపుడు బండిలో తెచ్చాను. తాళంచెవి మీ పక్కింటావిడ ఇచ్చింది.”

“ఎప్పుడు?”

“నువ్వు కొవ్వొత్తి పట్టుకుని స్కెర్పెన్‌హూవల్ మరియమాత గుడికి నడిచి వెళ్లిన రోజు.”

“అది నవంబరు మొదట్లో కదా. నీకు నయం కావాలని మొక్కుకోడానికే వెళ్లాను.”

“తెలుసు. బొబ్బలెక్కిన కాళ్లతో తిరిగొచ్చావు. అందుకే ఆ వేళ చెప్పలేదు.”

“అప్పటికే నీ సంవత్సరీకానికి బీరు కాచి పెట్టావా?”

“కాచాను.”

“అన్నయ్యా, మందు మొదలెట్టింది డిసెంబరులో, సెయింట్ నికొలస్ పండగ దాటాక.”

“దాటాకే.”

“అంటే, మొదలెట్టకముందే నువ్వు…”

“ముందే.”

“మరెందుకు ఎక్కించుకున్నావు? చలికాలమంతా. ఆ వాంతులు, ఆ జ్వరాలు. చివరికి నాలుక కూడా పోయింది. వెళ్లిపోదామనే అనుకున్నాక, అదంతా ఎందుకు పడ్డావు?”

“జన్మలో ఒక్కసారి అడిగావు, తమ్ముడూ. మర్చిపోయావు.”