నాగావ్ పోచమ్మ ముందట మా క్లాసు

"అమ్మమ్మా, రేపే నాది కాలేజ్ల మొదటి క్లాసు. పిల్లలు 'మేడం, ఒంటి మీదికి అమ్మవారు నిజంగ వస్తదా' అని అడిగితే ఏం జెప్పాలె? నువ్వు గన్నేండ్లు ఇదే పాఠం చెప్పినవు గదా."

రికార్డు వెట్టినవా? వెట్టు మరి. కింద బట్ట నేసే సాంచెల సప్పుడు గూడ వడతదేమో. వడనీ. భివండిల ఈ ఇంట్ల ఆ సప్పుడు లేకుంటె నాకు మాటనే రాదు. మీ తాత, నా తమ్ముడు, ఎన్నిసార్లు అన్నడో, "అక్కా, కార్ఖానా మీద గీ ఖోలిల ఉండుడు వద్దు, పూర్ణ ఊరి దిక్కు కొత్త బిల్డింగులైనయి, ఆడ ఇల్లు చూద్దాం" అని. ఆడ చుట్టూ గోదాములే గద బిడ్డా, నేనాడ కూసోని ఏం జెయ్యాలె? వద్దన్న.

ఏం అడిగితివి? ఆ, నిజంగ వస్తదా అని. ఆగు, నన్ను జరంత ఎనుకకు పోనియ్యి.

నేను యూనివర్సిటీల ఏం పాఠం చెప్తనో మనోళ్ళకు ఒక్కలకు అర్థం గాలే. మనుషులు దేవుళ్ళను ఎట్ల కొలుస్తరు, ఎందుకు కొలుస్తరు, మొక్కుడేంది, ముడుపేంది, శిగమూగుడేంది, గివన్ని. మా నాయిన మాత్రం గల్లీ గల్లీ చెప్పుకునేటోడు, "మా బిడ్డ బొంబైల దేవుళ్ళ పాఠం చెప్తది" అని. ఇగ చూస్కో! ఆదివారం వచ్చిందంటె మనింటికి జనం. ఒకామె కొత్త సాంచెలు దించుతున్నమని ముహూర్తం అడుగుతది. ఇంకొకామె పిల్లగానికి జరం తగ్గుతలేదు, ఏ దేవునికి మొక్కాలె అంటది. "అక్కా, నాకు గవి రావు" అంటె, "గన్ని పైసల జీతమిచ్చి రానిదాన్ని పెట్టుకున్నరా" అని నవ్వుడు. మా అమ్మ లోపట నూలు కండెలు చుట్టుకుంట నవ్వేది. సప్పుడు రాకుంట నవ్వుతుండె మా అమ్మ. నీకు యాదికి లేదు, నువ్వు చిన్నపిల్లవు.

నేను పెండ్లి చేసుకోలే, అది వేరే ముచ్చట, రికార్డు బందు వెట్టినంక చెప్త.

రోజు పొద్దుగాల కల్యాణ్ దాంక ఆటో, ఆడికెల్లి లోకల్ రైలు. మొదట్ల ఆటోకు రూపాయి ఇచ్చిన యాది. లోకల్ల నిలబడే పాఠం తయారు చేసుకునేదాన్ని. క్లాసుల పిల్లలకు నాదొక్కటే మాట. "మీరు ఎవలన్న మొక్కే కాడికి పోతె దూరం నిలబడుండ్రి. చెయ్యి వెట్టకుండ్రి, నోరు తెరవకుండ్రి. మంచిగ చూడుండ్రి, ఇంటికొచ్చి రాసుకోండ్రి." మర్యాద అంటె గదే అనుకున్న నేను. ఎదుటోళ్ళ దేవునికి అడ్డం పోవద్దు గదా! అది మంచి మాటనే, ఇప్పటికి గూడ తప్పనను. అయితె...

మా అమ్మకు శిగం వచ్చేది. నీకు ఎరుకనే. ఆషాఢంల బోనాలనాడు నాగావ్‌ల మన పోచమ్మ ముందట, డప్పులు మోగుతుంటె, ఆమె ఒంటి మీదికి అమ్మవారు వచ్చేది. ఆనాడు మనోళ్ళ సాంచెలన్ని బందు. ఏడాది పొడుగూత ఖటఖట కొట్టుకునే గల్లీ ఆ ఒక్క దినం ఊపిరి వట్టుకుంటది. అమ్మ వచ్చి, "నా పిల్లలు సల్లగుంటరు, సాంచెలు మంచిగ ఆడుతయి" అని ఒక్క మాట అంటెనే జనం బోనాలు దించుకొని ఇండ్లకు పోతరు. ఆ మాట లేకుంటె తెల్లారి సాంచె సురువు జేసెతందుకు ఎవలకు చెయ్యి రాదు. చిన్న ముచ్చట గాదు బిడ్డా అది. గల్లీకి గల్లీ ఆ మాట మీదనే ఏడాది నడుపుతది.

గిన్నేండ్లు శిగం గురించి క్లాసుల చెప్తున్న, ఒక్కసారన్న పిల్లలకు చూపియ్యకపోతె ఎట్ల అనిపిచ్చింది. నేను రిటైరయ్యే ముందటేడు అమ్మను అడిగిన. "తీస్కరా, అన్నం వండిపిస్త" అన్నది. గంతే. ఆమెకు అన్నం ధ్యాసనే.

ఇరవై మందిదాంక వచ్చిండ్రు. వాన. గల్లీల మోకాళ్ళ దాంక నీళ్ళు. మరాఠీ పిల్లలు, గుజరాతీ పిల్లలు, చెప్పులు చేతుల వట్టుకొని నీళ్ళల్ల నడుస్తుంటె మన ఆడోళ్ళు కిటికీలకెల్లి ఒకటే చూసుడు. అండ్ల ఒక పిల్ల మన భివండి పిల్లనే. రూతు. వాళ్ళ నాయిన గూడ మన జగిత్యాల దిక్కాయనే, ఎనుక గల్లీల సాంచెలు నడుపుతడు. కిరస్తానీలు. ముందటి దినం పొద్దున లోకల్లనే నా పక్కకు వచ్చి చెప్పింది. "మేడం, నేను బొట్టు వెట్టుకోను, ప్రసాదం తినను, నాయినకు మాటిచ్చిన. రావాల్నా, వద్దా?" అని. "రా బిడ్డా, దూరం నిలబడి చూడు" అన్న. నాకొచ్చిన మాట అదొక్కటే గదా!

గుడి ముందట మా పిల్లలను వరుసగ నిలబెట్టిన. ఫోన్లు లోపట పెట్టుమన్న. బొమ్మల లెక్క నిలబడ్డరు, పాపం, ఒక్కలు గూడ కదలలే. నాకు లోపట గర్వమే అనుకో. చూడుండ్రి, నా పిల్లలు ఎంత బుద్ధిమంతులో అని.

డప్పులు సురువైనయి. మా అమ్మ తలమీద నీళ్ళు పోసుకొని, ఎంటికలు ఇరవోసుకొని, పసుపు చీరల పోచమ్మ ముందట నిలబడ్డది. మామూలుగ అయితె డప్పు రెండో మలుపు తిరిగెవరకే ఆమె కాలు లేస్తది. ఆనాడు లేస్తలేదు. కొడుతున్నరు, కొడుతున్నరు. సాక పోసిండ్రు. సాకంటె గదే, పసుపు నీళ్ళల్ల బెల్లం, వేపాకు ఏసి పోస్తరు సూడు. అయినా అమ్మ వస్తలేదు. డప్పులోళ్ళ చేతులు గుంజుతున్నయి. వానకు డప్పు తోలు మెత్తవడుతుంటె మంట మీద కాపుకొచ్చి మల్ల కొట్టుడు. బోనాలెత్తుకున్న ఆడోళ్ళు మెడలు నొస్తుంటె కాలు మార్చి కాలు మీద నిలబడ్డరు.

ఇగ గుసగుసలు. మా కాకనే, మా నాయిన తమ్ముడు, పెద్ద గొంతుతోటి అన్నడు, "బయటోళ్ళను దెచ్చి ముందట నిలబెడితె అమ్మ ఎట్లొస్తది? సర్కస్ అనుకున్నదా?" అని. అందరు నా దిక్కు చూసిండ్రు. నా జీతం, నా చదువు, అన్ని ఆ అమ్మవారి పుణ్యమే గదా. ఆమె ఎట్లొస్తదో చెప్పుకుంటనే గదా నేను బతికింది. నా వల్లనే ఆమె రాకపోతె? తెల్లారి గీ గల్లీల సాంచెలు ఎవలు సురువు జేస్తరు? మా అమ్మ మొఖం ఎట్ల ఎత్తుకుంటది?

పిల్లలను తీస్కపోదామని కదిలిన. అప్పుడు మా అమ్మ చెయ్యి ఊపి పిలిచింది. దగ్గరికి పోతె మెల్లగ అన్నది. "బిడ్డా, వాళ్ళు గట్ల చేతులు కట్టుకొని నన్నే చూస్తుంటె నా పానం నా ఒంట్లెనే బిగుసుకుంటుంది. పంపియ్యకు. వాన్ల గంత దూరం వచ్చిండ్రు. చేతులకు ఏమన్న పని ఇయ్యి."

పని ఇచ్చిన. ఒకలకు వేపమండలు, ఒకలకు సాక చెంబు, ఒకలకు దీపం. ఇద్దరిని డప్పులు కాపే మంట కాడికి పంపిన. ఒక పొడుగు పిల్లగాడు ఉండె, వానికి ఒక ముసలామె మీద గొడుగు పట్టుమన్న. రూతు మిగిలింది. ఆ పిల్ల చేతుల ఏం పెట్టాలె? అన్ని అమ్మవారియే. నేను సోచాయిస్తుంటె మా అమ్మనే అన్నది, "ఆ పిల్లను నా ఎనుక నిలబడుమను. శిగం దిగినంక నేను పడిపోత గదా, పట్టుకుంటది. పడేటోళ్ళను పట్టుకునెతందుకు ఏ దేవుడు వద్దంటడు?" రూతు నా మొఖం చూసింది. పోయి నిలబడ్డది.

మల్ల డప్పు.

ఇగ ఎట్ల చెప్పాలె బిడ్డా... మా అమ్మ గురించి ఇనే ఉంటవు, సాంచెల సేఠ్ ముందట తలెత్తి మాట్లాడనిది. ఆమె మెడ లేసింది. ఒక్క కేక వెట్టింది. గల్లీ చివర దాంక ఇనవడ్డది. ఆ గొంతు మా అమ్మది గాదు. నేను ఆ ఒంట్లెనే పుట్టిన, ఆ గొంతు నేను ఎన్నడు ఇనలే. డప్పులోళ్ళు ఏడుసుకుంట కొడుతున్నరు. గొడుగు పట్టుకున్న పిల్లగానికి కండ్లల్ల నీళ్ళు. కాక నన్ను ముందటికి తోసిండు, "నువ్వే అడుగు" అని. అమ్మ వచ్చినప్పుడు ఎవలన్న అడగాలె, వచ్చింది ఎవలని. అడిగిన. "ఎవరు తల్లీ నువ్వు?"

నా దిక్కు చూసింది. కన్నతల్లి బిడ్డా, నన్ను ఎన్నడు చూడనట్టు చూసింది. "అడిగేదానివి నువ్వెవరు?" అన్నది.

నా పేరు గూడ నోట్లెకు రాలే. నేలకు వంగిన, గంతే. నెత్తి మీద వేపమండ తగిలింది. "నా పిల్లలు సల్లగుంటరు, సాంచెలు ఆడుతయి" అన్నది అమ్మ. జనమంత ఒక్కసారి ఊపిరి ఇడిసిండ్రు. ఆ సప్పుడు నేను సచ్చెదాంక మరువ.

ఎంటనే మా అమ్మ ఎనుకకు ఒరిగింది. రూతు పట్టుకున్నది. సన్నటి పిల్ల, ఇద్దరు పడతరనుకున్న, ఉరికిన. పడలే. ఆ పిల్ల మా అమ్మను రెండు చేతుల మీద పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకొని నిలబడ్డది. నా దిక్కు చూసి, "మేడం, ఈమెకు బరువే లేదు" అన్నది. "అసలు బరువే లేదు మేడం."

మా అమ్మ కండ్లు తెరిచి మొదట అడిగిందేందో ఎరుకేనా? "పిల్లలు తిన్నరా?" అని. ఏం యాదికి లేదు ఆమెకు. రూతుకు సపరేట్ వండి పెట్టింది, అమ్మవారికి పెట్టని గిన్నెలకెల్లి. ఆ పిల్ల రెండుసార్లు పెట్టించుకొని తిన్నది.

తరువాతి క్లాసుల రూతే లేసి నిలబడ్డది. "మేడం, నా చేతులల్ల ఉన్నది ఎవరు? మీ అమ్మనా, అమ్మవారా?" అని. బోర్డు నిండ రాసేదాన్ని నేను, శిగమంటె ఇదీ, దానికి కారణాలు ఇవీ అని. ఆనాడు చాక్‌పీసు వట్టుకున్న చెయ్యి లేస్తలేదు. వణుకుడు. అందరు చూస్తున్నరు. "నాకు తెల్వది" అన్న. గంట కొట్టినా ఒక్కలు లేవలే. అన్నేండ్లల్ల నేను చెప్పిన పాఠాలల్ల మంచి పాఠం అదే, బిడ్డా.

అమ్మ పోయి శానా దినాలాయె. రూతు ఇప్పటికి ఫోన్ చేస్తది. ఏం మాట్లాడినా ఆఖరికి ఆ బరువు ముచ్చటనే.

ఇగ నువ్వు రేపు పోతున్నవు. పిల్లలకు నీకొచ్చిందంత చెప్పు, దాచకు. ఊకె నిలబెట్టకు వాళ్ళను, చేతులకు పని ఇయ్యి. ఇగ ఆ మాట... వస్తదా అనే మాట, అడగనీ. నీ క్లాసుల గూడ ఒక రూతు లేసి నిలబడాలె. ఆనాడు నీ చెయ్యి గూడ వణకాలె బిడ్డా. గదే నా దీవెన. సల్లగుండు. ఇటురా, నెత్తి ఇటు వంచు.