విషం లేని ఎర కోసం: డాక్టర్ గ్లెనిస్ పాస్కో గారి పదవీ విరమణ

1986 ఫిబ్రవరి మూడవ తేదీన మా వన్యప్రాణి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా చేరిన డాక్టర్ గ్లెనిస్ పాస్కో గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన వ్యాసమంటే విజయాల చిట్టా అనుకునేవారు ఈ పుట తిప్పేయవచ్చు. ఇన్నేళ్లు ఆవిడ పక్క బల్ల మీద పనిచేసిన నాకు అబద్ధాలల్లే ఓపిక లేదు.

ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ పశ్చిమాన గొర్రెల రైతు ఇంట పుట్టిన గ్లెనిస్ గారు, నక్కల కోసం వేసిన విషపుటెర తిని తమ పెంపుడు కుక్క గిలగిల కొట్టుకుని చనిపోవడం బాల్యంలోనే చూశారు. గొర్రెపిల్లలను పీక్కుతినే నక్కల సంతతి తగ్గించక తప్పదు గాని, అలాంటి చావు ఏ ప్రాణికీ వద్దన్నది నాటి నుంచీ ఆవిడ పట్టుదల.

క్షీరదాల వీర్యకణం పుట్టగానే అండంలోకి చొరబడజాలదు. ఆడజీవి గర్భనాళంలో ప్రయాణిస్తుండగా దాని పైపొరలోని ప్రొటీన్లు కొన్ని రాలిపోయి, కొన్ని చోటు మారి, మరుగున ఉన్నవి బయటపడిన పిదపే దానికి ఆ అర్హత సిద్ధిస్తుంది. నక్కలలో అండాన్ని పట్టుకునే అటువంటి ప్రొటీన్ ఒకదాన్ని గుర్తించిన గ్లెనిస్ గారు, ఆడనక్క శరీరమే దానిని అడ్డుకునేలా ఒక టీకాను రూపొందించారు. దాన్ని ఎరలో పెడితే ఇక విషంతో పనిలేదని ఆశించారు. టీకా వేసిన ఆడనక్క రక్తరసం కలిపిన గాజుపళ్లెంలో ఆ ఆశ ఫలించింది. వీర్యకణాలు అండం చుట్టూ తిరిగాయే గాని ఒక్కటీ అంటుకోలేదు. ఆనాడు ఆవిడ చాక్లెట్‌లో ముంచి కొబ్బరి తురుము అద్దిన ల్యామింగ్టన్ కేకులు పంచుతూ, నా మైక్రోస్కోపు మీద ఆ తురుము రాలినా పట్టించుకోలేదు.

తరువాత గొర్రెల రైతు కీత్ మలాయ్ పొలంలో కంచెలు కట్టి, టీకా వేసిన ఆడనక్కలను మగవాటితో కలిపి ఉంచాము. ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాలు వాటి నెత్తుటిలో పుష్కలంగా కనిపించాయి. ఆగస్టు చివర బొరియల్లోంచి పిల్లల కుయ్యికుయ్యిలు వినిపించాయి.

"ఏమ్మా గ్లెనిస్, నీ టీకా భలే పనిచేసిందే! ఊరంతా నక్కపిల్లలే!" అన్న కీత్, ఆవిడ మొహం చూసి నాలుక కరుచుకున్నాడు.

"ప్రతిరక్షకాలు నెత్తుట్లో ఉన్నాయి, కీత్. గర్భనాళంలోకి చాలినన్ని చేరలేదు. అంతే."

"కంచెల్లో లోపం వల్ల బయటి నక్కలు చొరబడ్డాయని రాసి ఇంకో ఏడాది అడుగుదాం," అన్నారు అప్పటి మా సంచాలకులు.

"రాయను. ఇంకొకడొచ్చి ఇదే గోతిలో పడతాడు," అన్నారావిడ. విఫలమైందనే రాశారు. నిధులు ఆగిపోయాయి.

ప్రయోగపు నక్కలను బయట వదలకూడదన్నది నియమం. గ్లెనిస్ గారు మమ్మల్నెవరినీ లోపలికి రానివ్వక, తల్లులకూ, కళ్లు తెరవని పిల్లలకూ మత్తిచ్చి, ఒక్కొక్కదానికీ తానే సూది వేశారు. "నా పొరపాటుకు పుట్టినవి. నేనే సాగనంపాలి," అన్నారు. బయటికి వచ్చి కంచె పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. నాకూ ఏడుపాగలేదు.

అటుపై మరో రెండు ప్రొటీన్లతో ప్రయత్నించారు, అవీ నిలవలేదు. పొలాల్లో నేటికీ విషమే వేస్తున్నారు.

ఈ వ్యాసంలో ఏం రాయమంటారని మొన్న అడిగాను.

"నా పని పూర్తయిందని మాత్రం రాయకు, మెర్విన్. రాశావో, దయ్యమై పట్టుకుంటా!"

పూర్తి కాలేదు. ఎవరి చేతుల మీదుగానైనా అది పూర్తయి, ఈ నేల మీద చివరి విషపుటెరను ఏరిపారేసే రోజును కళ్లారా చూసేంత ఆయుష్షూ, అక్కడికి తన కాళ్లతో తాను నడిచి వెళ్లేంత ఆరోగ్యమూ గ్లెనిస్ పాస్కో గారికి కలగాలని, ఆ రోజు తొందరగా వస్తుందన్న నమ్మకం నాకు లేకపోయినా, మనసారా కోరుకుంటున్నాను.