కూరగిన్నె కిటికీ

ఆ పొద్దు ధర్మవరం మీద మబ్బు కమ్ముకొని, చినుకైనా రాల్చకుండా పెనుకొండ దిక్కు పోయింది. ఇల్లు రెండు వాటాలైంది. కొత్తగా లేస్తాండే నడిమి గోడ దగ్గర తోడికోడళ్లిద్దరూ నిలబడినారు.

"అక్కా, ఈ గోడలో చిన్న కిటికీ పెట్టమని మేస్త్రికి చెప్పు. కూరగిన్నెలు అందించుకోవచ్చు."

"కుదర్దంట మే. రెండిండ్ల మిద్దె బరువూ దీని మీదే పడతాది. అగ్గి అంటుకుంటే గోడ రెండు గంటలు నిలబడల్లంట. సందు పెడితే మంట ఇవతలికొస్తాదని ఇంజనీరు చెప్పినాడు."

"రెండు గంటలా! నా కోపం ముందర మీ మరిది రెండు నిమిషాలు నిలబడడు."

"నవ్వొద్దు మే. ఆపక్క నీ పొయ్యి, ఈపక్క నా మగ్గం, దాని మీద పట్టు."

"నిజమేలే. అయితే ఇంక నీ మొగం చూసేదెట్లక్కా?"

"గోడ ఆపేది అగ్గిని, నిన్ను కాదు. వాకిలి ఉండాది, చుట్టు తిరిగి రా."

"కూర సల్లారిపోతాదే?"

"సల్లారితే ఈడ నాకు పొయ్యి లేదా?"

మధ్యాన్నం చిన్నామె కూరగిన్నె పట్టుకొని వీధిలోంచి చుట్టు తిరిగి వచ్చింది. పెద్దామె అన్నం తినే రెండు తట్టల్లో సంగటి పెట్టింది. ఇద్దరూ గోడకు ఆనుకొని కూర్చొని తిన్నారు.