కుర్చీ బదులు గుంట

ఆ అల్లిక పక్కన పెట్టమని ఎవరు చెప్పారే జ్యోతీ నీకు? మీ అత్తగారా. ఫోనులోనా. కడుపుతో ఉన్నవాళ్లు దారం ముడేస్తే బిడ్డ మెడకి పేగు చుట్టుకుంటుందనేగా. అల్లుకో అమ్మా, ఏం కాదు. సరిగ్గా ఈ పేగు మాటే మా అమ్మ మీ నాయనమ్మతో అంది. ఆ, కొండమ్మ వదినతోనే. నువ్వు ఫొటోలో తప్ప చూళ్లేదు గదా ఆమెని. మీ నాన్న కడుపులో ఉన్నాడప్పుడు. చీరాల్లో మాది మగ్గమున్న ఇల్లు. మా అన్నయ్య, అదే మీ తాత, నేసేవాడు, వదిన కండెలు చుట్టేది. అంటే అడ్డంగా నేసే పేక నూలుని రాట్నం మీద చిన్న పుల్లలకి చుట్టాలన్నమాట, అవి అందకపోతే మగ్గం ఆగిపోతుంది. మధ్యలో కాస్త ఖాళీ దొరికితే పుట్టబోయేవాడికి ఊలుతో టోపీ అల్లుకునేది. మా అమ్మ చూసి, 'దారం ముట్టుకోకు, పేగు చుట్టుకుంటది' అంది. సరేనని వదిన ఊలూ రాట్నం రెండూ వదిలేసి లేవబోయింది. 'రాట్నానికి ఆ దోషం లేదు, కూర్చో' అంది మా అమ్మ. పొద్దస్తమానం చిలపలకి చిలపలు, కట్టలకి కట్టలు నూలు చుట్టినా చుట్టుకోని పేగు, పిడికెడు టోపీకి చుట్టుకుంటదంట.

ఏడో నెలలో పట్టుకుంది నొప్పి. నీకున్నదే, పొత్తికడుపు కింద ఎముక దగ్గర. పక్క మీద అటు నుంచి ఇటు తిరగాలంటే ఏడుపు, గడప దాటాలంటే ఏడుపు. పుట్టింటికి పంపిద్దామంటే అక్కడ చేసేవాళ్లు లేరు. రాట్నం ముందు కూర్చోవటం ఎలాగ, ఒక కాలు మడిచి ఒక కాలు చాపి గదా, ఆ నొప్పికి అదే పనికిరాదు. నర్సు లిడియమ్మ గారు వచ్చి చూసి, 'ఎముకల అతుకు వదులైంది. కాళ్లు ఎడంగా పెట్టకమ్మా, నేల మీద కూర్చోకు, కుర్చీలో కూర్చో. పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకో' అన్నారు. దిండు ఇచ్చారు మావాళ్లు. కుర్చీ దగ్గరే వచ్చింది తంటా.

ఇంట్లో ఉన్నది ఒక్కటే కుర్చీ. అది షావుకారుది. ఆయన కొన్నాడని కాదే, నూలిచ్చి చీరలు పట్టుకెళ్లే షావుకారు వారానికోసారి వచ్చి దాంట్లో కూర్చుంటాడని. మిగతా రోజులు గుడ్డ కప్పి గోడవైపు తిప్పి పెట్టేవాడు మా నాన్న చెంచురామయ్య. తనూ కూర్చునేవాడు కాదు. పైగా మావగారు నేల మీద ఉంటే కోడలు కుర్చీలోనా? రెండ్రోజులు ఆలోచించాడు. ఆలోచించి గునపం తీశాడు. మగ్గం గుంట ఎరుగుదువు గదా, నేసేవాడు నేల మీదే కూర్చుని కాళ్లు గుంటలోకి వేసుకుంటాడు. అలాంటిదే వసారాలో ఇంకోటి తవ్వాడు. 'కాళ్లు కిందికి వేలాడతాయి, కుర్చీలో ఉన్నట్టే. కూర్చునేది మటుకు నేల మీదే. లిడియమ్మ మాటా దక్కింది, మన మర్యాదా దక్కింది' అన్నాడు. కుర్చీ ఇవ్వటానికి చేతులు రాలేదు గానీ ఇల్లు తవ్వటానికి వచ్చాయి. వీధి వీధంతా వచ్చి చూసి మెచ్చుకుని పోయింది, ఆడవాళ్లతో సహా. దిగి చూసినవాళ్లు లేరనుకో.

వదిన దిగింది. దిగటం బానే దిగింది. ఎక్కటం సంగతి మా నాన్న ఆలోచించలా. ఒక కాలు పైన పెట్టాలి గదా, ఆ కాలు ఎత్తితే ప్రాణం పోతోంది. మా అన్నయ్య చెయ్యి పట్టి లాగితే 'లాగబాకండి' అని అరిచింది. వదిన గొంతు పైకి వినటం నేనదే మొదలు. ఇక అక్కడే కూర్చుంది. కండెలు మానేసి, నడుముకి దోపుకున్న ఊలు తీసి టోపీ మొదలుపెట్టింది. మా అమ్మ 'పేగే, పేగే' అంటానే ఉంది. కాసేపటికి మగ్గం ఆగింది. సరిగ్గా అప్పుడొచ్చాడు షావుకారు. మా నాన్న కుర్చీ తుడిచి వేశాడు. ఆయన కూర్చుని, 'ఏం చెంచురామయ్యా, మగ్గం చప్పుడు లేదు, కండెలు లేకనా?' అన్నాడు. గుంటలోంచి వదిన తల ఎత్తకుండానే, 'కుర్చీ లేకండి' అంది.

ఆయనకి ముందు అర్థం కాలా. అర్థమయ్యాక లేచాడు. 'ఆ పిల్లకి వెయ్యండయ్యా ఇది, లేకపోతే నా చీరలెప్పటికవుతాయి' అన్నాడు. జాలి అనుకునేవు. చీరల కోసమే. నర్సమ్మ చెప్తే ఎక్కని మాట షావుకారు నోట వస్తే టక్కున ఎక్కింది. పాత చీర తొడల కింద నుంచి వేసి, మోకాళ్లు విడిపోకుండా నలుగురూ ఎత్తి కుర్చీలో దించారు. రాట్నం బల్ల ఎక్కింది. 'నేను మొదట్నించీ అంటానే ఉన్నా' అని మా నాన్న సాయంత్రానికల్లా వీధిలో చెప్పుకున్నాడు. మీ నాన్నకి ఏ పేగూ చుట్టుకోలా. టోపీయే పట్టలా, తలకాయ పెద్దది.

ఆ, ఒక మధ్యాహ్నం వదిన దొడ్లోకెళ్లినప్పుడు చూశాను. మా అమ్మ ఆ కుర్చీలో కూర్చునుంది, మోకాళ్లు రెండూ దగ్గర పెట్టుకుని. నన్ను చూసి కూడా లేవలా. 'కూర్చుంటే నొప్పి తెలీటం లేదే' అంది. నీకేం నొప్పమ్మా అన్నాను. 'మీ అన్న కడుపున పడ్డప్పటిది' అంది. అప్పటికి మా అన్నయ్యకి పాతికేళ్లు... ఏం లేదులే. మంచినీళ్లు తాగొస్తా ఉండు. నువ్వు లేవబాకు.