పురుగులింట్లో వాన

— అవ్వా, తాత ఒక ఎలచ్చన్లో ఓటే వెయ్యలేదంట కదా, ఎందుకు?

ఎవురు చెప్పినారు నీకు? మీ నాయనేనా. వానికేం తెలుసు, అప్పుడు వాడు బెంగళూర్లో ఆటో తోల్తాండె. కూచో ఈడ. ఈ చెనిక్కాయలు ఒలుస్తా చెప్తా.

ఇప్పుడు గొడ్లు కట్టేస్తాండామే ఆ రేకుల కొట్టం, అది అప్పుడు పురుగులిల్లు. పట్టుపురుగులు మ్మే. బోర్లో నీళ్ళుండె, రెండెకరాలు మల్బరీ ఉండె. ఒక పంటకు మీ నాయనకు సైకిలొచ్చె, ఇంకో పంటకు నాకు కమ్మలొచ్చె. కాదు కాదు, కమ్మలే ముందు.

ఆ పురుగులకు నాలుగు జ్వరాలొస్తాయి. మన జ్వరం కాదులే, తోలు మార్చుకునేదానికి తలకాయెత్తి నిద్రపోతాయి, దాన్ని జ్వరమంటాము. అప్పుడు లోపలికి ఎవురూ పోగూడదు, గట్టిగా మాట్లాడగూడదు. నాలుగో జ్వరం లేచినాక ఆకేస్తే చూడు, అన్నీ ఒకేసారి తింటాంటే వాన పడినట్లే ఉంటాది. పైన రేకులు ఎండకు కాల్తాంటాయి, కింద వాన. మీ తాత గోడకానుకొని కండ్లు మూసుకొని ఇంటాండె. మబ్బు మొగం చూడని ఏండ్లు గదా అవి. మాకు మాత్రం రెండు నెలలకొక తూరి వాన.

ఆయప్పకు రెండు నేమాలు. కాళ్ళు చేతులు కడుక్కోకుండా పురుగులింట్లోకి ఎవురినీ రానీడు, వాళ్ళమ్మనైనా సరే. రెండోది, అన్నకు తప్ప ఎవురికీ ఓటెయ్యడు. అన్నంటే మా అన్న కాదు, మా పార్టీ నాయకుడు. పేరెందుకులే.

అట్లుండగా చైనా దారం వచ్చిపడె. ఓడల్లో వస్తాదంట, మన దారం కన్నా శానా అగ్గవ ధర. మా పట్టుగూళ్ళను మార్కెట్లో ముట్టేవాడు లేడు. ఢిల్లీవాళ్ళు దాని మీద గట్టిగా పన్నేస్తే మన గూళ్ళకు ధర నిలుస్తాదని అందరిదీ అదే మాట. ఎలచ్చన్లొచ్చె, అన్న మా ఊరొచ్చె. మీ తాత ఆయన్ను పురుగులింటికి పిల్చుకొనొచ్చినాడు. ఆ వాన ఒక్క తూరి ఇంటే అన్నకు మన కష్టం తెలుస్తాదని ఆయప్ప ఆశ.

నేను చెంబుతో నీళ్ళు పట్టుకొని వాకిట్లో నిలబడుకొన్నా. మీ తాత నన్ను కండ్లతోనే పక్కకు జరగమన్నాడు. బంతిపూల దండ, సెంటు, చెప్పులు, అన్నిట్తోనూ అన్న లోపలికి పాయె. పురుగులన్నీ తలకాయలెత్తి అట్లే నిలిచిపాయె. వాన ఆగిపాయె మ్మే. అన్న పురుగుల తట్ట మీద చెయ్యి పెట్టి, "పెద్దాయనా, ఈ పురుగుల మీద ఒట్టు, పన్ను ఏయించకపోతే నీ గడప తొక్కను" అన్నాడు. మీ తాతకు కండ్లలో నీళ్ళు. నాకేమో, ఇవి మళ్ళా ఎప్పుడు తింటాయా అని. మాపటికి తిన్నాయిలే.

రెండ్రోజులకు మా తమ్ముడొచ్చె. ధర్మవరంలో మగ్గం నేస్తాండె గదా, నాకు చీర తెచ్చినాడు. సంగటి తింటా తింటా, "బావా, అన్న మా ఈదికొచ్చినాడు. మగ్గం మీద చెయ్యి పెట్టి ఒట్టేసినాడు, చైనా దారం మీద పన్ను పెంచనీనని" అన్నాడు.

"తాగి విన్నావా?" అన్నాడు మీ తాత.

"నీళ్ళు తాగి విన్నా బావా."

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యే. ఉంగరాలుండే చెయ్యి."

మీ తాత సంగటి ముద్ద తట్టలోనే పెట్టేసినాడు. నాకు ఎవురి మీద కోపం చేసుకోవాల్నో తెలీలా. పన్నేస్తే తమ్మునికి కూడు లేదు, ఎయ్యకపోతే మాకు లేదు. ఆ చీర కూడా చైనా దారందే. ఎంత మెత్తగుండె పాడుది.

ఓటు పొద్దు వచ్చె. ఎప్పుడూ ఊర్లో మొదటి ఓటు మీ తాతదే. నీళ్ళు పోసుకొని తెల్ల పంచ కట్టి బయల్దేరినాడు. బయల్దేరినోడు రోడ్డుకు పోలా, పురుగులింట్లోకి పోయి తలుపేసుకొన్నాడు. కాసేపటికి పార్టీ పిల్లోళ్ళు జీపేసుకొని వచ్చిరి, పెద్దాయన యాడని. నేను తలుపుకడ్డం నిలబడుకొని, "పురుగులు జ్వరంలో ఉండాయప్పా. మాట్లాడొద్దు" అన్నా. వాళ్ళూ రైతుల పిల్లోళ్ళే గదా. గొంతు తగ్గించినారు. జీపును కూడా స్టార్టు చెయ్యకుండా మలుపు దాకా తోసుకొని పోయినారు, పాపం.

అన్న చూసిన పురుగులు అప్పటికే గూళ్ళు కట్టేసె, ఆ తర్వాత మేము మళ్ళా పురుగుల గుడ్లే తేలేదు మ్మే. మార్కెట్టు చూసి భయమేసి మానుకొన్నాము. లోపల ఒక్క పురుగు లేదు.

పొద్దు వాలినాక తలుపు తీస్తే, ఖాళీ తట్టల నడుమ గోడకానుకొని కండ్లు మూసుకొని ఉండాడు. ఏం చేస్తాండావంటే, "ఉష్. పడతాండాది" అన్నాడు. నేనూ పక్కన కూచున్నా. నిజం చెప్తాండా, కొంచెంసేపటికి నాకూ ఇనపడె.

నేను ఓటేసినానా అంటే యాడేస్తా, కాపలా ఉండాల గదా. పన్ను ఏసినారన్నారు, తీసినారన్నారు, ఏమో. అప్పటికి మల్బరీ పీకి ఈ చెనిక్కాయ ఏసినాము.

ఇదంతా రాసుకొంటాండావా? రాసుకో తల్లీ. నువ్వు దేని మీద చెయ్యి పెడితే దాని పక్కనే కడదాకా ఉండేదానివి కావాల. కాళ్ళు కడుక్కొనే లోపలికి పో, యాడికైనా సరే...